గల్లాపెట్టె ఎవరి ఫోనులో ఉంది?

ప్రశ్న: మాది పల్నాడు జిల్లాలోని ఒక చిన్న పట్టణం. నా వయసు 61. 1989 నుంచి కిరాణా కొట్టు నడుపుతున్నాను. మా అబ్బాయి హైదరాబాదు కంపెనీలో ఉద్యోగాన్ని ఇంటి నుంచే చేస్తూ కొంతకాలంగా మాతోనే ఉంటున్నాడు. వాడు కొట్టులో స్కానర్ పెట్టాడు. వచ్చినవాళ్లంతా ఫోన్‌పే చేసి వెళ్లిపోతున్నారు. రాత్రి గల్లా లెక్క చూస్తే కాసిని నోట్లే మిగులుతున్నాయి, మిగతాదంతా అబ్బాయి ఖాతాలో పడుతోంది. హోల్‌సేల్ వ్యాపారికి కట్టాల్సి వచ్చినప్పుడల్లా వాడిని అడగవలసి వస్తోంది. పద్దు పుస్తకం ఎందుకని బాకీలన్నీ ఒక యాప్‌లో ఎక్కించాడు. ఒక రాత్రి ఆ యాప్ నుంచి మా పాత ఖాతాదారైన రిటైర్డ్ మాస్టారికి 'మీ బాకీ 1,340 రూపాయలు, వెంటనే చెల్లించండి' అని మెసేజ్ వెళ్లింది. మర్నాడు పొద్దున్నే ఆయన వచ్చి, ఒక్క మాటైనా అనకుండా డబ్బు లెక్కపెట్టి ఇచ్చి వెళ్లారు. మళ్లీ మా కొట్టు మెట్లెక్కలేదు. ఇప్పుడు బీకాం చదివిన మా కోడలు మధ్యాహ్నం పూట గల్లా దగ్గర తాను కూర్చుంటానంటోంది. బజారులో నలుగురూ ఏమనుకుంటారోనని నా సంకోచం. దీనికి తోడు బెంగళూరులో ఫోన్ జమలు చూసి చిన్న వ్యాపారులకు పన్ను నోటీసులు ఇచ్చారని విన్నప్పటి నుంచి భయం పట్టుకుంది. స్కానర్ తీసేయమంటారా? లేక కాలంతో పాటు నడవలేకపోతున్నానని ఒప్పుకొని కొట్టు వాళ్లకు అప్పగించి కూర్చోమంటారా?
— పేరు, ఊరు ప్రకటించవద్దన్న పాఠకుడు

సమాధానం: అయ్యా, రెండూ వద్దు. మీ ఉత్తరం స్కానర్ మీద ఫిర్యాదుగా మొదలైనా, అందులో నన్ను ఆపిన మాట వేరే ఉంది. 36 ఏళ్లకు పైగా మీ చేతుల మీదుగా నడిచిన కొట్టులో సరుకు డబ్బు కోసం మీరు కొడుకును అడగవలసి వస్తోంది. దానికి యంత్రం కారణం కాదు, ఆ యంత్రాన్ని ఎవరి బ్యాంకు ఖాతాకు తగిలించారన్నదే కారణం. ఈ రెండింటినీ విడదీసి చూస్తే మీ బాధలో సగానికి మందు బ్యాంకులో దొరుకుతుంది. మిగిలిన సగం ఇంట్లో కూర్చుని మాట్లాడుకోవలసినది.

నోట్లు నడిచిన కాలంలో గల్లా ముందు ఎవరు కూర్చుంటే డబ్బు వారి చేతిలోనే ఉండేది. అమ్మకం, వసూలు, లెక్క, పెత్తనం అన్నీ ఆ ఒక్క చెక్కపెట్టె దగ్గరే జరిగేవి కాబట్టి అవి నాలుగు వేరు వేరు పనులన్న సంగతి ఎవరికీ తట్టవలసిన అవసరం రాలేదు. 2016 ఏప్రిల్‌లో నేషనల్ పేమెంట్స్ కార్పొరేషన్ యూపీఐ విధానాన్ని ప్రారంభించింది. అదే ఏడాది నవంబరు 8న పెద్ద నోట్లు రద్దయ్యాక జనం ఫోన్ చెల్లింపుల వైపు మళ్లారు. 2020 జనవరి నుంచి ఈ చెల్లింపుల మీద వ్యాపారి దగ్గర రుసుము వసూలు చేయకూడదన్న నియమం రావడంతో పూలు అమ్మే తోపుడు బండికి కూడా స్కానర్ వచ్చి చేరింది. ఈ విధానంలో కొనుగోలుదారు బ్యాంకు ఖాతాలోంచి బయలుదేరిన డబ్బు, స్కానర్ మీద అచ్చు వేసిన కోడ్‌కు ముడిపెట్టిన ఖాతాలోకి నేరుగా వెళ్లిపోతుంది. గల్లా దగ్గర కూర్చున్న మనిషికి అది కనిపించదు, వినిపించే శబ్దం ఒక్కటే. అమ్మేది మీరు, తూచేది మీరు, జమ పడేది మాత్రం వేరొకరికి. ఈ మార్పు గురించి మీ ఇంట్లో ఎవరూ కూర్చుని మాట్లాడుకుని ఉండరు. మీ అబ్బాయి ఫోనులో తన ఖాతా అప్పటికే ఉంది, అందులోని కోడ్‌ను అచ్చు వేయించి అద్దానికి అంటించడం ఐదు నిమిషాల పని. అతను అంతకు మించి ఆలోచించి ఉండడని నేను అనుకుంటున్నాను. దురుద్దేశం ఉందనడానికి మీ ఉత్తరంలో ఆధారమేదీ కనబడలేదు.

కాబట్టి ముందుగా చేయవలసింది కొట్టు పేరు మీద, మీరే యజమానిగా, వ్యాపారం కోసం బ్యాంకులు ఇచ్చే కరెంటు ఖాతా ఒకటి తెరవడం. దానికి మీ పాన్, ఆధార్ కార్డులతో పాటు వ్యాపారం నడుస్తోందని చూపే ఆధారాలు సాధారణంగా రెండు అడుగుతారు. దుకాణ లైసెన్సు మీ దగ్గర ఉంటే ఒకటి ఉన్నట్టే. రెండోది చిన్న వ్యాపారాల నమోదు అయిన ఉద్యమ్ రిజిస్ట్రేషన్. 2020 జూలైలో మొదలైన ఈ నమోదు కేంద్ర ప్రభుత్వ వెబ్‌సైటులో పూర్తిగా ఉచితం, కాబట్టి వేలకు వేలు అడిగే మధ్యవర్తుల దగ్గరకు వెళ్లవద్దు. ఆ ఖాతాకు మీ ఫోను నంబరే ఇవ్వండి, ఆ ఖాతా మీదే కొత్త కోడ్ తీసుకుని పాతదాన్ని తీసేయించండి. ఇలా చేయడం వల్ల మరో మేలు ఉంది. స్కాన్ చేసినప్పుడు కొనేవారి ఫోనులో డబ్బు ఎవరికి వెళుతోందో ఆ పేరు కనబడుతుంది. ఇప్పుడు మీ అబ్బాయి పేరు కనబడుతున్న చోట రేపటి నుంచి కొట్టు పేరు కనబడుతుంది. జమ పడిన మొత్తాన్ని తెలుగులో చదివి వినిపించే సౌండ్ బాక్సుకు నెలకు కొంత అద్దె ఉంటుంది. చూపు ఆనని మధ్యాహ్నపు ఎండలో ఫోను వెతుక్కునే బాధ తప్పుతుంది కాబట్టి ఆ అద్దె దండగ కాదు.

ఇక లెక్క. మీ తరం వ్యాపారులకు చిట్టా (రోజువారీ లెక్క), ఆవర్జా (ఖాతావారీ పుస్తకం) రాయడం ఒకరు నేర్పవలసిన విద్య కాదు. రోజువారీ చిట్టాలో జమ వైపు ఇప్పటిదాకా ఒకే వరుస ఉండి ఉంటుంది, ఇప్పుడు రెండు గీయండి. ఒకటి రొక్కం, రెండోది ఫోన్ జమ. రాత్రి కొట్టు కట్టేసేముందు ఆ రోజు ఫోన్ జమల మొత్తాన్ని యాప్‌లో చూసి రెండో వరుసలో వేయండి, రొక్కం లెక్కపెట్టి మొదటి వరుసలో వేయండి. రెండూ కలిపితే ఆ రోజు వసూలు తేలుతుంది. అందులోంచి పాత బాకీ వచ్చినది తీసేసి, ఆ రోజు అరువు ఇచ్చినది కలిపితే అమ్మకం. గల్లాలో నోట్లు తక్కువగా ఉన్నాయని ప్రతి రాత్రీ కలిగే వెలితి ఆ రెండో వరుస నిండిన రోజున చాలావరకు పోతుంది, ఎందుకంటే ఇంతకాలం మీకు కనబడనిది డబ్బు కాదు, లెక్క. (ఫోన్ చెల్లింపులు వచ్చాక చిల్లర లేదని చాక్లెట్ చేతిలో పెట్టే అవకాశం పోయి కొట్ల వాళ్లకు ఆ అమ్మకం కాస్త తగ్గినట్టుంది. కొనేవాళ్లెవరూ దానికి బాధపడుతున్న దాఖలా లేదు.)

ఇప్పటివరకు అబ్బాయి ఖాతాలో పడిన సొమ్ము విషయం కొంచెం సున్నితమైనది. అక్కడ అతని జీతం, కొట్టు వసూళ్లు, బహుశా చీటీ డబ్బు, స్నేహితులు పంపిన సొమ్ము అన్నీ కలిసిపోయి ఉంటాయి. ఏప్రిల్ 1 నుంచి ఇప్పటి వరకు ఆ ఖాతా స్టేట్‌మెంటు తీయించి, కొట్టు జమలను ఒక రంగుతోనూ, కొట్టు కోసం అతను కట్టిన బిల్లులను మరో రంగుతోనూ గుర్తు పెట్టమనండి. తేలిన నికరం కొట్టు ఖాతాకు బదిలీ కావాలి. అందులో కొంత ఇంటి ఖర్చులకో ఏదైనా వాయిదాకో వాడుకుని ఉంటే దాన్ని మీరు తండ్రిగా వదిలేయవచ్చు, కానీ చిట్టాలో మాత్రం ఇంటి వాడకం కింద రాసుకోండి. లెక్క అడగడానికి మీరు మొహమాటపడుతున్నారని ఉత్తరం చదువుతుంటే తెలుస్తోంది. 'ఇది నీకోసం కూడా' అని మొదలుపెట్టండి. అది అబద్ధం కాదు. కొట్టు అమ్మకాలన్నీ తన సొంత ఖాతాలో పడుతుంటే రేపు ఆదాయపు పన్ను వారు ఈ సొమ్మంతా ఏమిటని అడిగేది మిమ్మల్ని కాదు, అతన్నే.

పద్దు పుస్తకం విషయంలో నేను పూర్తిగా మీ పక్షం. 'అరువు రేపు' అని బోర్డు వేలాడదీసిన కొట్టులో కూడా బోర్డు కిందే అరువు పుస్తకం ఉంటుంది. అది బ్యాంకు ఇచ్చే అప్పు వంటిది కాదు. ఒకటో తారీఖుకు జీతం, పంట చేతికొచ్చాక డబ్బు, కూతురు పంపితే డబ్బు అని ఇంటింటికీ ఉండే రాబడి వేళలను ఎరిగి కొట్టతను చూపే ఓపిక అది. నెలాఖరున మాస్టారు వచ్చి 'ఎంతయింది?' అని అడుగుతారు, మీరు పుస్తకం తిప్పి ఆయన వైపు పెడతారు, ఆయన కళ్లద్దాలు సర్దుకుని చూసుకుంటారు. అంకె మీ నోట పలకవలసిన అవసరమే రాదు. ఆ పద్ధతిలో అడిగినవారు, అడిగించుకున్నవారు ఇద్దరూ తలెత్తుకుని ఉంటారు. యాప్ ఆ రాత్రి చేసిన పని అందుకు పూర్తి విరుద్ధం. అది అంకె చెప్పింది, 'వెంటనే' అంది, అదీ ఆయన పక్క మీద వాలే వేళ, బహుశా ఇంట్లోవాళ్లు చూస్తుండగా. ఆయనకు కోపం వచ్చింది 1,340 రూపాయలకు కాదు.

అయినా యాప్‌ను మొత్తంగా తీసిపారేయమని నేననను. పుస్తకం తడిసినా, ఎలుక కొట్టినా, మీకు ఒంట్లో బాగోక పది రోజులు మంచం పట్టినా బాకీల లెక్క తెలిసేది అందులోనే. ఇలాంటి యాప్‌లలో బాకీదారుకు గుర్తు చేసే మెసేజ్‌లను ఆపే వీలు సెట్టింగులలో ఉంటుంది. ఒక్కొక్క ఖాతాకూ చూసి అన్నింటికీ ఆపించండి. ఫోను నంబర్లు తీసేసి పేర్లు మాత్రం ఉంచితే ఇంకా నిశ్చింత. రాయడం పుస్తకంలో, నకలు యాప్‌లో, అడగడం మాత్రం మీ నోటితో. మాస్టారి ఇంటికి మీరే వెళ్లండి, అబ్బాయిని పంపవద్దు, ఫోను చేయవద్దు. యాప్ తప్పు, కుర్రాడి తప్పు అని వివరించబోకుండా, అలా జరగవలసింది కాదని ఒక్క మాట చెప్పి, నెల సరుకుల చీటీ ఎప్పుడు ఇస్తారని అడగండి. మీ అబ్బాయి చేస్తే మెచ్చుకోదగ్గ పని ఒకటి ఇక్కడే ఉంది. మెట్లు ఎక్కలేని వృద్ధుల దగ్గర చీటీ ఫొటోను వాట్సాప్‌లో తెప్పించుకుని సరుకు ఇంటికి చేర్చే ఏర్పాటు చేయమనండి. నిమిషాల్లో సరుకు తెచ్చే కంపెనీలు నగరాల్లో చేస్తున్నది ఇంచుమించు అదే. ఆ ఇంట్లో ఏ బియ్యం తింటారో, ఎవరికి చక్కెర వ్యాధి ఉందో మాత్రం వాళ్లకు తెలియదు, మీకు తెలుసు.

కోడలి విషయానికి వద్దాం. నలుగురూ ఏమనుకుంటారన్న మీ ప్రశ్నకు, ఆ నలుగురిలో ఇద్దరు ఆడవాళ్లని గుర్తు చేయడం నా మొదటి సమాధానం. మధ్యాహ్నం పూట మీ కొట్టుకు ఎవరు వస్తారో ఒకసారి గమనించండి. వంట ముగించుకున్న ఇల్లాళ్లు, బడి నుంచి వచ్చే ఆడపిల్లలు. శానిటరీ ప్యాడ్లు కావాల్సిన అమ్మాయి కొట్టు ముందు మగవాళ్లు కదిలేదాకా పక్కన నిలబడి, బిస్కెట్ల ధర అడిగి, చివరికి గొంతు తగ్గించి అడిగితే, మీరు దాన్ని న్యూస్‌పేపరులో చుట్టి నల్ల కవరులో పెట్టి ఇస్తుంటారు. మీరు మర్యాదగానే చేస్తారు. అయినా ఆ అమ్మాయి ఆ ప్యాకెట్టు కోసం పది నిమిషాలు నిలబడవలసి వచ్చింది. గల్లా దగ్గర మీ కోడలు ఉంటే ఆ నిరీక్షణ ఉండదు. పైగా బీకాం చదివిన మనిషికి చిట్టా కొత్త కాదు, నేను పైన చెప్పిన రెండు వరుసల లెక్కను మీకంటే, మీ అబ్బాయి కంటే శుభ్రంగా ఆమే రాయగలదేమో చూడండి. ఆటోలో వెళ్లి ఎక్కడో ప్రైవేటు ఉద్యోగం చేస్తే గర్వంగా చెప్పుకునే మనమే సొంత కొట్టులో కూర్చుంటే తల దించుకోవడంలో నాకు తర్కం కనబడటం లేదు.

అయితే ఇందులో మీరు పెట్టవలసిన షరతు ఒకటుంది, అది కోడలికి కాదు, మీకు. ఆమె చేసేది పని. ప్రభుత్వ ఉపాధి సర్వేలలో కుటుంబ వ్యాపారంలో జీతం లేకుండా సాయపడేవారికి ప్రత్యేకంగా ఒక వర్గమే ఉంది. మన వైపు కొట్లలో, పొలాల్లో, పాల వ్యాపారంలో ఆ వర్గంలోకి వచ్చేవారు ఎక్కువగా ఆడవాళ్లే. మీ ఇంట్లో ఆ లెక్కకు మరొకరిని చేర్చకండి. నెలకు ఇంత అని అనుకుని, అది తక్కువే అయినా సరే, ఆమె సొంత ఖాతాకు కొట్టు ఖాతా నుంచి పంపి చిట్టాలో జీతం కింద రాయండి. డబ్బు మరొకరి ఫోనులో పడితే ఎలా ఉంటుందో ఇప్పుడు మీకు చెప్పనక్కర్లేదు కదా.

పన్ను భయం సంగతి. 2025 జూలైలో కర్ణాటక వాణిజ్య పన్నుల శాఖ ఫోన్ చెల్లింపుల లెక్కలు చూసి చిన్న వ్యాపారులకు నోటీసులు ఇచ్చిన మాట, బెంగళూరులో కొందరు స్కానర్లు తీసేసి 'నగదు మాత్రమే' అని రాసిపెట్టిన మాట నిజమే. స్కానర్ తీసేస్తే మాత్రం పన్ను పోదు. జీఎస్టీ లెక్కలోకి మొత్తం అమ్మకం వస్తుంది, అది రొక్కమైనా ఫోనైనా ఒకటే. ఇప్పటికే జరిగిన జమల వివరాలు బ్యాంకులో ఎలాగూ ఉంటాయి. ఆంధ్రప్రదేశ్‌లో సరుకులు అమ్మే వ్యాపారికి ఏడాది అమ్మకం 40 లక్షల రూపాయలు దాటితే జీఎస్టీ నమోదు తప్పనిసరి. తెలంగాణలో ఈ పరిమితి 20 లక్షలే, కాబట్టి అక్కడి బంధువుల కొట్టు లెక్కను మీరు, మీ లెక్కను వారు పట్టుకోకూడదు. 40 లక్షలంటే రోజుకు సగటున 11 వేలకు కాస్త తక్కువ. కొట్టులో విడిగా తూచి అమ్మే బియ్యం, పప్పుల మీద పన్ను లేదు, కానీ పన్ను ఉన్న సబ్బులు, బిస్కెట్లు కూడా అమ్ముతున్నారు కాబట్టి పరిమితి దాటారా లేదా అని చూసేటప్పుడు ఆ బియ్యం అమ్మకాన్నీ కలిపే లెక్కిస్తారు. చాలామంది కిరాణా వ్యాపారులు పొరబడేది ఇక్కడే.

పరిమితి దాటినట్టు తేలినా కంగారు పడవలసిందేమీ లేదు. ఏడాది అమ్మకం కోటిన్నర దాటని వ్యాపారులకు కాంపోజిషన్ పథకం ఉంది. అందులో చేరినవారు పన్ను వర్తించే అమ్మకం మీద 1 శాతం కడతారు, కొనేవారి దగ్గర విడిగా పన్ను వసూలు చేయకూడదు, సరుకు కొన్నప్పుడు కట్టిన పన్నును వెనక్కి తీసుకోవడానికి వీలుండదు. ఆదాయపు పన్ను వేరు. అక్కడ చిన్న వ్యాపారులు అమ్మకంలో 8 శాతాన్ని లాభంగా చూపితే చాలునన్న పద్ధతి ఉంది, బ్యాంకు ద్వారా, ఫోను ద్వారా వచ్చిన అమ్మకానికి ఆ 8 కాస్తా 6 శాతమే. 40 లక్షల అమ్మకంలో సగం ఫోన్ జమలైతే లాభం 2 లక్షల 80 వేలుగా లెక్కకు వస్తుంది. కొత్త పన్ను విధానంలో దాని మీద మీరు కట్టవలసింది ఏమీ ఉండదు. అంటే స్కానర్ మిమ్మల్ని పన్నులో ముంచడం అటుంచి, ఈ లెక్కలో మీకు కొంత కలిసొస్తోంది. కర్ణాటకలో నోటీసులు అందుకున్నవారిలో చాలామంది చెప్పినది, బంధువుల దగ్గర తీసుకున్న చేబదుళ్లు, ఇంటి డబ్బు కూడా అమ్మకం కింద లెక్కించారని. కొట్టుకు విడిగా ఖాతా ఉండాలని నేను పట్టుబట్టడానికి అది కూడా ఒక కారణం.

జాగ్రత్తలు కొన్ని క్లుప్తంగా చెబుతాను. డబ్బు తీసుకోవడానికి పిన్ ఎప్పుడూ నొక్కనక్కర్లేదు. నొక్కమన్నవాడు మోసగాడే. చెల్లించినట్టు ఫోను తెర చూపిస్తే చాలదు, సౌండ్ బాక్స్ పలకాలి లేదా మీ ఫోనులో జమ కనబడాలి. ఉదయం కొట్టు తెరవగానే మీ కోడ్ మీద మరొకరి స్టిక్కరు అంటించి ఉందేమో చూసుకోండి. ఎక్కడో మోసపోయిన వ్యక్తి ఫిర్యాదు చేస్తే, ఆ సొమ్ములో కొంత మీ కొట్టులో ఖర్చయిందని మీ ఖాతాలో కొంత మొత్తాన్ని బ్యాంకు నిలిపివేసే సందర్భాలూ ఉంటాయి. అందుకని కొట్టు ఖాతాలో సరుకుకు అవసరమైనంత ఉంచి, మిగులును వారానికోసారి మరో ఖాతాకు మార్చుకోండి. మీరే మోసపోతే ఆలస్యం చేయకుండా సైబర్ మోసాల ఫిర్యాదులు తీసుకునే 1930 నంబరుకు ఫోను చేయాలి, గంటలు గడిచేకొద్దీ డబ్బు చేతులు మారిపోతుంది.

కొట్టు అప్పగించమంటారా అని అడిగారు. అప్పగించే రోజు వస్తే మీరే నిర్ణయించుకుని అప్పగించాలి తప్ప ఒక స్టిక్కరు వల్ల అది జరిగిపోకూడదు. మీరు ఇప్పుడే విశ్రాంతి తీసుకోవాలనుకుంటే అది వేరే ఉత్తరం. బ్యాంకు పనిని మాత్రం కొత్త ఆర్థిక సంవత్సరం దాకా, కొత్త పుస్తకాలు తెరిచే ఉగాది దాకా వాయిదా వేయకండి. ఈ వారంలోనే ఖాతా తెరవండి, అదే రోజు అబ్బాయి చేత స్టేట్‌మెంటు తీయించండి, ఏప్రిల్ 1 నుంచి ఫోన్ జమలు, రొక్కం అమ్మకం కలిపి ఎంతయిందో కోడలి చేత లెక్క కట్టించండి. ఆ మొత్తం 35 లక్షలు దాటి ఉంటే కాగితాలు తీసుకుని మీ పట్టణంలోని పన్ను సలహాదారును కలవండి. అంతకు తక్కువైతే ప్రతి నెలా ఒకసారి ఆ మొత్తాన్ని సరిచూసుకుంటూ ఉంటే ప్రస్తుతానికి సరిపోతుంది.